‘దూత’కు అత్తయ్య భాష్యం, దానికి నా టీక

మూలం: ఆయ్, రాసిపెట్టుంటే తప్పుద్దేంటండీ! ఆ కారు మాత్రం ఎక్కొద్దనండి బాబూ!

అవతారిక: అంబాజీపేట దగ్గర మా మేనత్త గారింట్లో, కరెంటు ఉన్న ఒకానొక వానాకాలపు సాయంత్రం, టీవీలో ‘దూత’ నడుస్తుండగా వెలువడిన వాక్యమిది. విక్రమ్ కె. కుమార్ తీసిన ఈ సిరీస్ 2023 డిసెంబరు 1న అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. కథ విశాఖలో. వాన ఓ పట్టాన వదలదు. సాగర్ అనే పాత్రికేయుడికి (నాగచైతన్య) పేపరు ముక్కలు దొరుకుతుంటాయి. జరగబోయేది వాటిలో ముందే అచ్చయి ఉంటుంది. మొదటి ముక్కలో ఉన్నది అతని కారు ప్రమాదమే. పునుగు నోటిదాకా వెళ్లి ఆగిపోగా అత్తయ్య ఈ మాట అంది.

ప్రతిపదార్థం: ఆయ్ = గోదావరి వారి ఓంకారము; రాసిపెట్టుంటే = విధాత లలాటమున ముందుగనే లిఖించి ఉంచినచో; తప్పుద్దేంటండీ = తప్పునా? (తప్పదని కాకువు); మాత్రం = పై సిద్ధాంతము అటుండగా; ఆ కారు = తెరమీది వాహనమును; ఎక్కొద్దనండి = అధిరోహింపవలదని చెప్పుడు; బాబూ = సంబోధనవలె కనబడు పాదపూరణము.

విశేషాలు: మొదటి వాక్యం విధివాదం, రెండోది పురుషకారం. మధ్యలో ఊపిరి పీల్చుకునేంత సందు లేదు. ‘మాత్రం’ అన్న ఒక్క పదం రెండు దర్శనాలనీ మోస్తోంది. జాతకం చూపించి మరీ హెల్మెట్ కొనే ప్రాంతం మాది. మాకిందులో వైరుధ్యం కనపడదు.

‘అనండి’ ఎవరిని? మావయ్యని, రిమోట్ ఆయన చేతిలో ఉంది గనక, అని ఒక పక్షం. తెరమీది మనిషి మావయ్య చెప్తే వింటాడని అత్తయ్య నమ్మిక, అని ఇంకో పక్షం. ఇన్నేళ్ల కాపురంలో మావయ్య మాట ఆవిడే విన్న దాఖలా లేదు కాబట్టి రెండోది నిలవదు.

ఎనిమిది భాగాలూ ఒకేరోజు విడుదలయ్యాయి. అంటే కర్మ లెక్కలో చూడాల్సినదంతా సంచితం, నడుస్తున్న భాగం ప్రారబ్ధం, రెండో సీజన్ వస్తే ఆగామి. ఇందులో మానవ ప్రయత్నానికి చోటెక్కడ అనుకుంటుండగా మావయ్య రిమోట్ నొక్కి ఆపాడు. అల్లప్పచ్చడి వచ్చేవరకూ, సుమారు పది నిమిషాలు, కారు కదల్లేదు.

ఇక్కడ రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టిన భారతం గుర్తు చేసుకోవాలి. ఆదిపర్వంలో పరీక్షిత్తుకి కూడా ముందే తెలుసు: ఏడు రోజుల్లో తక్షకుడి కాటు. ఒంటిస్తంభపు మేడ కట్టించుకున్నాడు. పాము పండులో పురుగై వచ్చింది. మనవాళ్లు కథని ఇక్కడితో ఆపేసి ‘చూశారా, తప్పలేదు’ అంటారు. దారిలో ఎదురైన కాశ్యపుణ్ణి మర్చిపోతారు. తక్షకుడు బూడిద చేసిన చెట్టుని మళ్లీ చిగురింపజేసిన విషవైద్యుడాయన. రాజుని బతికిద్దామనే బయల్దేరాడు. తక్షకుడిచ్చిన ధనం పుచ్చుకుని ఇంటికి తిరిగిపోయాడు. రాజుకి ఆయువు తీరిందని దివ్యదృష్టికి తెలిసిందట. తెలిశాక డబ్బు తీసుకున్నాడా, డబ్బు చూశాక తెలిసిందా అన్నది నాకిప్పటికీ అనుమానమే. ‘దూత’ కథ కూడా చివరికి ఇలాంటి బేరం దగ్గరికే వెళ్తుంది: రాత సంగతి అటుంచి, రాసేవాళ్లు అమ్ముడుపోవడం దగ్గరికి. ఇంతకంటే చెప్తే చూడనివాళ్లు ఊరుకోరు.

తాత్పర్యం: రాసింది జరుగుతుంది, అయినా చూస్తూ ఊరుకోకూడదు.

పరిశిష్టం: ఆ పూట అత్తయ్య పునుగుల పొట్లం విప్పి, కాగితం దీపం దగ్గర పెట్టి చదివింది. ఇవతల ‘వరుడు కావలెను’. నూనెకి కాగితం పారదర్శకమై, అవతలి వైపున్న శ్రద్ధాంజలి ఫొటో తిరగబడి ఆ వరుడి మీదే తేలింది. ఆవిడ ముఖం చూసి మావయ్య టీవీ కట్టేశాడు. న్యూస్‌పేపర్లలో తిండి చుట్టి ఇవ్వొద్దని, సిరా మంచిది కాదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2023 సెప్టెంబరులోనే చెప్పింది. ‘దూత’ రావడానికి రెండు నెలల ముందు! అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పునుగులు బంద్. అంబాజీపేట నుంచి పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తెప్పిస్తున్నారు. పనసాకు మీద ఏమీ రాసి ఉండదు.