గూడు చెట్టు మీద, కూడు తంపరలో

చలి మొదలైతే మన పత్రికల్లో రెండు వార్తలు ఖాయం. ఒకటి లంబసింగి మంచు, రెండోది తేలినీలాపురం సైబీరియా పక్షులు. మొదటి దాంట్లో మంచు నిజం. రెండో దాంట్లో పక్షులు నిజం, తేలినీలాపురం నిజం. సైబీరియాయే రాలేదు.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి ఈ ఊరి చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులూ, పెయింటెడ్ స్టార్క్ కొంగలూ మన దక్షిణాసియావే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తాయి, గుడ్లు పెడతాయి, పిల్లల్ని ఎగరనిచ్చి ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచికి నత్తలు తినే కొంగలైతే తొలకరితోనే దిగిపోతాయి. సైబీరియా వేసవిని వదులుకుని ఉద్దానం ఉక్కపోతకు వచ్చే పక్షి ఏదైనా ఉంటే దాన్ని ముందు డాక్టరుకు చూపించాలి.

అయినా మనకు సైబీరియా కావాలి. స్వదేశీ కొంగ అంటే కలెక్టరు వస్తాడా, కెమెరా వస్తుందా? పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లను విదేశీ అతిథి అని పిలిచి దండ వేస్తున్నాం.

ఆదివారం ఉదయం పక్షి వీక్షణం మొదలవుతుంది. కారు హారన్‌తో పక్షిని లేపుతారు, లేచినందుకు ఫొటో తీస్తారు. కొంగ సెల్ఫీకి ముఖం చూపలేదని పిల్లలు అలుగుతారు. ఏళ్ల తరబడి రెట్టనూ చేపల కంపునూ భరించి ఆ గూళ్లను కాపాడిన ఊరివాళ్లు మాత్రం ఏ ఫొటోలోనూ ఉండరు.

అందరి బైనాక్యులర్లూ పైకే. గూడు చెట్టు మీదుంది, నిజమే. కూడు మాత్రం కింద, నౌపడ తంపర అనే చిత్తడి నేలలో ఉంది. అలాంటి తంపరలనూ, చిత్తడి నేలే అయిన సోంపేట బీలనూ చూసిన పెద్దలకు చేపలు కనబడలేదు, గడ్డి కనబడలేదు, వాటి మీద బతికే మనుషులూ కనబడలేదు. ఖాళీ జాగా కనబడింది. థర్మల్ కేంద్రాలు కడతామన్నారు. వద్దన్నవాళ్ల మీద 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న తంపర పక్కనున్న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. సోంపేట ప్రాజెక్టు అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. కాకరాపల్లిలో కట్టడం సగంలో నిలిచిపోయింది. అటు కరెంటూ రాలేదు, ఇటు తంపరా మునుపటిలా లేదు.

2021 చివర్లో తేలినీలాపురంలో గూడబాతులు చచ్చి చెట్ల మీంచి రాలాయి. తిండితో కడుపులోకి చేరిన పురుగులే కారణమన్నారు. తిండి పాడైతే గూటికి ఎన్ని బోర్డులు కట్టినా ఏం లాభం?

ఇదే జిల్లా నుంచి ఏటా మరో వలస, మనుషులది, సాగుతుంది. దానికి స్వాగత తోరణాలుండవు. గుజరాత్ తీరంలోని వెరావల్ వెళ్లి చేపలు వేటాడుతూ 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు ఇంటిముఖం చూసింది 2020 జనవరిలో. పక్షికి ఇక్కడ తిండి దొరుకుతోంది, పక్కింటి మనిషికి దొరకడం లేదు.

ఈ సంక్రాంతి సెలవుల్లో తేలినీలాపురం తప్పక వెళ్లండి. హారన్ కొట్టకండి. చెట్టును చూశాక బైనాక్యులర్లు కాస్త కిందికి దించి తంపరనూ చూడండి. సైబీరియా సంగతి సైబీరియా చూసుకుంటుంది. నౌపడ సంగతి మనమే చూసుకోవాలి.