రెండు జేబుల స్వేచ్ఛ

లైనక్స్ ఫోను కొన్నవాణ్ని గుర్తుపట్టడం తేలిక. అతని జేబులో ఇంకో ఫోను ఉంటుంది. ఇంటర్నెట్ టాబ్లెట్ కొన్నవాడి జేబులోనూ ఇంకో ఫోను ఉంటుంది, కాకపోతే అతను దాన్ని దాచుకోడు. 2008-09 ప్రాంతంలో హైదరాబాదులో మా ఆఫీసులో ఈ రెండు జాతులకూ ఒక్కో ప్రతినిధి ఉండేవాళ్లం. టాబ్లెట్ జాతి నేను, ఫోను జాతి మా మిత్రుడు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక ఎవరి యంత్రం గొప్పదన్న వాదన పప్పులో మొదలై పెరుగన్నం దాకా సాగేది. చుట్టూ ఉన్నవాళ్లు తమ మామూలు ఫోన్లలో ఇళ్లకు మాట్లాడుకుంటూ మమ్మల్ని జాలిగా చూసేవాళ్లు.

నాది నోకియా ఎన్810. అమెరికాలో ఉన్న బావమరిది తెచ్చిపెట్టాడు. 4.1 అంగుళాల తెర, దాని కిందినుంచి జారుకుంటూ వచ్చే కీబోర్డు, వెనక రేకు స్టాండు, ఒంట్లోనే దూర్చి పెట్టుకునే ప్లాస్టిక్ పుల్ల. తెర వేలి మెత్తదనానికి లొంగదు, పుల్లతో పొడిస్తేనో, గోటితో నొక్కితేనో పలుకుతుంది. దీని వంశానికి మూలపురుషుడు 2005లో వచ్చిన నోకియా 770. లోపల నడిచేది మేమో, అంటే డెబియన్ గోత్రపు లైనక్స్. చిన్న ప్యాకేజీ ఒకటి వేసుకుని, టెర్మినల్లో 'సుడో గెయిన్‌రూట్' అని కొడితే చాలు, యంత్రం మన చెప్పుచేతల్లోకి వచ్చేది. జీపీఎస్ ఉంది, వెబ్‌క్యామ్ ఉంది, బ్లూటూత్ ఉంది. సిమ్ము లేదు. అది వాళ్లు మరిచిపోయింది కాదు, కావాలని వదిలేసిందే.

ఈ సంగతి మా పెదనాన్నకు ఒక పెళ్లిలో వివరించాల్సి వచ్చింది. బల్ల మీద స్టాండు విప్పి, కీబోర్డు జార్చి, నలుగురూ చూసేట్టుగానే పెట్టాను.

"ఏమిట్రా అది?"

"ఇంటర్నెట్ టాబ్లెట్ పెదనాన్నా. లైనక్స్‌ది."

"మంచిది. అమలాపురం మీ పిన్నికోసారి కలుపు. బస్సెక్కిందో లేదో."

"ఇందులో ఫోను ఉండదు పెదనాన్నా."

"పోనీ ఆ ఇంటర్నెట్టే చూపించు."

"ఇక్కడ వైఫై లేదు. ఒక్క నిమిషం, నా ఫోనుకి బ్లూటూత్‌తో కలుపుతాను..."

నా రెండో జేబులోంచి ఫోను బయటికి రావడం ఆయన చూశారు. "ఇలా తే" అని లాక్కుని, పిన్నితో పావుగంట మాట్లాడి, తిరిగిచ్చేస్తూ అన్నారు: "ఇది బాగుందిరా. ఎంత?"

నా టాబ్లెట్ ధర 479 డాలర్లు, అప్పటి లెక్కలో సుమారు 19 వేల రూపాయలు. ఆ మాట అక్కడ ఎత్తలేదు.

మిత్రుడిది ఓపెన్‌మోకో వారి నియో ఫ్రీరన్నర్. 2008లో వచ్చింది, 399 డాలర్లు. కాగితం మీద చూస్తే మా రెండూ కవలలే. రెండింట్లోనూ 400 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 128 ఎంబీ మెమరీ. అతని తెర 2.8 అంగుళాలే. కానీ అతనిది ఫోను, అందులోనూ స్వతంత్రమైన ఫోను. కోడే కాదు, సర్క్యూట్ పటాలు కూడా ప్రకటించారు. పైడొప్ప డిజైను ఫైళ్లు సైతం జనానికి ఇచ్చేశారు. కావాలంటే మన ఫోను డొప్ప మనమే పోతపోయించుకోవచ్చు.

ఈ ఫోనుకు ముందు, 2007లో, అదే సంస్థ నియో 1973 అని ఒకటి తెచ్చింది. 1973 ఏప్రిల్ 3న మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ న్యూయార్క్ వీధిలో నిలబడి మొట్టమొదటి చేతి ఫోను కాల్ చేశాడు. చేసింది ఎవరికనుకున్నారు? ఇదే పని మీద ఉన్న పోటీ కంపెనీ ఇంజనీరుకి! ఆ సంవత్సరమే ఫోను పేరైంది. డెవలపర్ల కోసం అమ్మిన పెద్ద పెట్టెలో ఫోనుతోపాటు ఒక స్క్రూడ్రైవరూ, డొప్ప విప్పడానికి గిటారు మీటే పిక్కూ పెట్టేవారు.

"మీవాళ్లు సీలేసి ఇస్తారు, మావాళ్లు స్క్రూడ్రైవర్ ఇస్తారు" అనేవాడు మిత్రుడు గర్వంగా.

"పని పడుతుందని వాళ్లకి తెలుసు" అనేవాణ్ని.

పని పడింది కూడా. ఫ్రీరన్నర్ చరిత్రలో పేరు మోసిన అధ్యాయం 'బజ్'. మాట్లాడుతుంటే అవతలివాళ్ల చెవిలో తేనెటీగల తుట్టె కదిలినట్టు జుయ్‌మనే మోత. జీఎస్ఎం రేడియో ఆగి ఆగి కొట్టే తరంగం మైకు తీగల్లోకి చొరబడటమే దానికి కారణం. మందు తెలిసిందే: బోర్డు విప్పి ఒక కెపాసిటర్ సోల్డరింగ్ చేయాలి. యూరప్‌లో ఫ్రీరన్నర్ యజమానులు సోల్డరింగ్ ఐరన్లు పట్టుకుని ఒకచోట చేరి మరీ ఈ చికిత్స చేసుకున్నారు. స్వేచ్ఛ కోసం జనం గుమిగూడటం చరిత్రలో కొత్త కాదు. హలో స్పష్టంగా వినబడటం కోసం గుమిగూడటం బహుశా అదే మొదలు.

ఇక సాఫ్ట్‌వేరు. ఓపెన్‌మోకో సొంతవి కొన్ని, ఎస్‌హెచ్ఆర్, క్యూటీమోకో, డెబియన్, ఆఖరికి ఆండ్రాయిడ్ కూడా దానిమీద ఎక్కించేవారు. మిత్రుడు సోమవారం ఒక అవతారంలో వస్తే శుక్రవారానికి ఇంకో అవతారం. అతన్ని "ఫోనెలా ఉంది?" అని అడిగితే "ఏది?" అనేవాడు.

హాస్యం పక్కన పెడితే, ఇందులో ఓపెన్‌మోకోవారి అసమర్థత పెద్దగా లేదని నా అభిప్రాయం. ఫోనులో మోడెమ్ అన్నది వేరే కంప్యూటర్. దానికి సొంత ప్రాసెసరు, సొంత ప్రోగ్రాము. రేడియో ధ్రువీకరణ నిబంధనలూ, పేటెంట్లూ చుట్టూ కంచె వేసి ఉంటాయి. ఎంత స్వతంత్ర ఫోనైనా ఆ ఒక్క గది తాళంచెవి మన చేతికి రాదు. ఫ్రీరన్నర్‌లోనూ అంతే. టాబ్లెట్ చేసినవాళ్లు ఆ గదే కట్టలేదు. సగం తలనొప్పి అక్కడే పోయింది. అలాగని నాది పూర్తి స్వతంత్రమా అంటే, బ్యాటరీ చార్జింగ్ చూసే ప్రోగ్రాము దాకా కొన్ని భాగాలు మూసే ఉంచారు. ఈ మాట మిత్రుడు పెరుగన్నం దగ్గర గుర్తుచేసేవాడు, నేను ఊరగాయ అడిగేవాణ్ని.

(అన్నట్టు, ఈ చేతి లైనక్స్ ముచ్చట మనకు కొత్త కాదు. బెంగళూరు ఐఐఎస్సీ ప్రొఫెసర్లు నోకియా 770కి ముందే సింప్యూటర్ తలపెట్టారు. 2004లో బీఈఎల్ దాన్ని 'అమిడా' పేరుతో తయారు చేసింది. మనకు దాని స్మారకోపన్యాసాలే మిగిలాయి.)

తర్వాత కథ క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అది ఏడుపు కథ. 2009లో నోకియా టాబ్లెట్లో సిమ్ము పెట్టి ఎన్900 తెచ్చింది. మా ఇద్దరి వాదనకూ అదే తీర్పు అనుకున్నాం. కానీ 2011 ఫిబ్రవరిలో నోకియా ఈ లైనక్స్ దారి పక్కన పెట్టి మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపింది. ఓపెన్‌మోకో 2009లోనే ఫోన్ల పని ఆపేసి, 99 డాలర్లకు వికీరీడర్ అమ్మింది: వికీపీడియా మొత్తం నలుపు తెలుపుల్లో చదువుకునే డబ్బా. దానికి ఫోనూ లేదు, ఇంటర్నెట్టూ లేదు. మా ఇద్దరినీ ఒకే దెబ్బకు ఓడించింది.

2020లో పైన్‌ఫోన్ అనే లైనక్స్ ఫోను 149 డాలర్లకు వచ్చింది. వెనక మూత తీస్తే బుల్లి స్విచ్చులు వరసగా ఉంటాయి. మోడెమ్, వైఫై, మైకు, కెమెరాలు, దేన్నైనా తీగ తెంచినట్టు ఆపేయవచ్చు. దాని మోడెమ్ లోపల ఇంకో లైనక్స్ నడుస్తూ ఉంటుంది. ఔత్సాహికులు ఆ గదిలోకీ చాలావరకు సొంత కోడు దూర్చారు. రెండో ఫోను ఇప్పుడు జేబులో కాదు, ఫోను లోపలే ఉందన్నమాట.

ఎవరైనా నన్ను సలహా అడిగితే ఇదే చెప్తాను. కూర్చుని చదువుకునే తీరిక ఉంటే టాబ్లెట్, సోల్డరింగ్ సరదా ఉంటే ఫోను. రెండూ లేకపోతే మా పెదనాన్న దారి. ఇంట్లో సొరుగులో పాత ఎన్900 ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. మేమో లెస్టే, పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ బృందాలు దానికి ఇంకా ఊపిరి పోస్తున్నాయి. ఫ్రీరన్నర్ ఉంటే మరీ మంచిది. దానికి బీఎల్-5సీ బ్యాటరీ సరిపోతుంది. నోకియా 1100లో వేసేదే. ఎంత చార్జి మిగిలిందో ఫోను చెప్పలేదు గానీ పని నడుస్తుంది. కోఠీలో అడగండి, దొరుకుతుంది.