రైడ్ల లిస్టు పక్కన పెట్టండి

ఓర్లాండోలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌కి నాలుగు కుటుంబాలు కలిసి వెళ్దామనుకోగానే వాట్సాప్‌లో ఒక గ్రూపు పుడుతుంది. రెండో రోజుకల్లా అందులో ఎక్సెల్ షీటు వచ్చి పడుతుంది. ఎన్ని గంటలకు ఏ రైడు, ఎవరు ఎవరితో, భోజనం ఎక్కడ, అన్నీ గళ్లలో నింపి ఉంటాయి. గుంపులో రెండేళ్ల పిల్ల ఒక్కతి ఉన్నా ఆ షీటు ఎందుకూ పనికిరాదు. దాన్ని సరిదిద్దుకుంటూ కూర్చోకండి, తీసేయండి. దాని బదులు గుంపులో అందరికంటే పొట్టిగా ఉన్నది ఎవరో చూడండి. వాళ్లు ఎక్కగలిగినవే ఆ రోజు అందరికీ రైడ్లు. వాళ్లు ఎక్కలేనిది ఎవరూ ఎక్కొద్దు, పదహారేళ్ల మేనల్లుడైనా సరే.

మొండితనం అంటారు. అననివ్వండి. ముందు ఎత్తుల సంగతి చూద్దాం. ట్రాన్ ఎక్కాలంటే 48 అంగుళాల ఎత్తు ఉండాలి, స్పేస్ మౌంటెన్‌కి 44, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్‌కి 38. చిన్నపిల్లల కోసమే కట్టిన బార్న్‌స్టార్మర్ అనే బుల్లి రోలర్ కోస్టర్‌కి కూడా 35 కావాలి. రెండేళ్ల పిల్లలు చాలామంది ఆ గీతకి కాస్త కిందే ఉంటారు. కొలకర్ర పక్కన పిల్లని నిలబెట్టి “కాస్త నిటారుగా నిలబడమ్మా, మడమలెత్తు” అని గుసగుసలాడే తండ్రులు ప్రతి క్యూలోనూ కనిపిస్తారు. మందపాటి అడుగున్న బూట్లు తొడిగి తెచ్చేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఒడిలోకి దిగే ఆ బారు పిల్లని పట్టి ఉంచుతుందా లేదా అన్నది చూసుకునే ఆ గీత గీశారు. అర అంగుళం తక్కువైతే వెనక్కి రావాల్సిందే.

వెనక్కి రావడమేమిటి, రైడర్ స్విచ్ ఉందిగా అంటారు తెలిసినవాళ్లు. ఉంది. సగం మంది రైడుకి వెళ్తే ఒకరు పిల్లతో బయట ఉంటారు. వాళ్లు దిగి వచ్చాక, బయట ఉన్నవాళ్లు మామూలు క్యూలో నిలబడకుండానే లోపలికి వెళ్లొచ్చు. కాగితం మీద చాలా న్యాయంగా కనిపించే ఏర్పాటు. జరిగేది చూడండి. మొదట నాన్న వెళ్తాడు, బాబాయి వెళ్తాడు, పెద్దపిల్లలు వెళ్తారు. వాళ్లు కేకలు వేసుకుంటూ తిరిగొచ్చేసరికి పిల్ల అమ్మ భుజం మీద నిద్రపోయి ఉంటుంది. “నువ్వు వెళ్లిరా వదినా, నేను ఎత్తుకుంటా” అని ఎవరో అంటారు. ఆమె పిల్ల మొహం వంక చూసి, “వద్దులే, కదిలిస్తే లేస్తుంది” అంటుంది. మధ్యాహ్నం ఇంకో రైడు దగ్గరా ఇదే. సాయంత్రమయ్యేసరికి ఆ తల్లి ఏమీ ఎక్కలేదని ఎవరికీ గుర్తు కూడా ఉండదు. తల్లి కాకపోతే అమ్మమ్మ. పది గంటలకు పైగా విమానంలో కూర్చుని వచ్చిన మనిషి నాలుగు బ్యాగులకు కాపలా కాస్తూ బెంచీ మీద ఉంటుంది. ఈ ఒక్క కారణం చాలు, రైడర్ స్విచ్ వాడొద్దని చెప్పడానికి. ఎక్కితే అందరూ ఎక్కాలి, లేకపోతే ఎవరూ వద్దు.

అలా అయితే ఎక్కడానికి ఏం మిగిలిందని బెంగపడక్కర్లేదు. కారు పార్క్ చేసిన చోటి నుంచి గేటు దాకా మధ్యలో సెవెన్ సీస్ లగూన్ అనే చెరువుంది. దాన్ని మోనోరైల్లో చుట్టి రావచ్చు, పెద్ద పడవలో దాటొచ్చు. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి ఎక్కండి. పడవలోకి స్ట్రోలర్ మడవకుండా తోసుకుపోవచ్చు. రెండేళ్ల పిల్లకి ఇంత పెద్ద రైడు లోపల కూడా దొరకదు. పెద్దవాళ్లు అక్కడ గడియారం చూసుకోవడం మానేస్తే చాలు.

లోపల ఎత్తుతో పనిలేనివి చాలా ఉన్నాయి. వాటిలో మూడింటి గురించి చెప్పాలి. రంగులరాట్నం మొదటిది. ఆ గుర్రాలు డిస్నీ చేయించినవి కావు. 1917లో ఫిలడెల్ఫియా టొబాగన్ కంపెనీ చేసిన రాట్నం అది. న్యూజెర్సీలోని ఒలింపిక్ పార్కులో దశాబ్దాల పాటు తిరిగింది, ఆ పార్కు మూతపడ్డాక డిస్నీవాళ్లు కొన్నారు. అదే న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వెళ్లే మనవాళ్లు ఈ మాట పిల్లలకి తప్పకుండా చెప్పాలి. గుర్రం ఎక్కలేని తాతయ్య కూర్చోవడానికి అందులో రథంలాంటి బల్ల కూడా ఉంది.

రెండోది పీపుల్‌మూవర్. 1975 నుంచి నడుస్తోంది. ఆ పెట్టెలకి ఇంజన్లుండవు, దారి పొడవునా అమర్చిన విద్యుదయస్కాంతాలే తోసుకుపోతాయి. గాలి తగులుతుంది, కుదుపు ఉండదు, పిల్ల ఒడిలోనే ఉంటుంది. ఎక్కేచోట మాత్రం నేల కదులుతూ ఉంటుంది కాబట్టి అమ్మమ్మకి చెయ్యి అందించే మనిషి ముందు ఎక్కాలి. ఆ మనిషి ఎవరో కిందే తేల్చుకోండి, పైకి వెళ్లాక తడబాటు పడతారు. ఈ దారి స్పేస్ మౌంటెన్ గోపురం లోపలి నుంచే పోతుంది. చీకట్లో పైనుంచి అరుపులు వినిపిస్తాయి, బండ్లు దూసుకుపోవడం లీలగా తెలుస్తుంది. మీ పదహారేళ్లవాడికి ఆ రోజుకి స్పేస్ మౌంటెన్ అంతే.

మూడోది కరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్. 1964లో న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ కోసం తయారైన బొమ్మల నాటకం. స్టేజీ ఎక్కడిదక్కడే ఉంటుంది, మనం కూర్చున్న హాలు దాని చుట్టూ తిరుగుతుంది. ఏసీ, చీకటి, ఇరవై నిమిషాలు. నిద్రకి ఇంతకంటే మంచి చోటు లేదు. పిల్ల నిద్రపోతే అందరూ కలిసి లోపలికి పోయి కూర్చోండి. ఆట అయిపోయినా పిల్ల లేవకపోతే మళ్లీ లోపలికి వెళ్లండి.

ఇక పొద్దున్నే తలుపులు తెరిచేసరికి గేటు ముందుండాలన్న సలహా. ఇది అందరూ చెప్తారు. నేను మాత్రం వద్దంటాను. అలారం పెట్టి లేపిన పిల్ల పదకొండు గంటలకి నేల మీద పడి ఏడుస్తుంది, ఆ ఏడుపుకి పెద్దవాళ్లు ఒకరినొకరు తప్పుపట్టుకుంటారు. పిల్ల తనంతట తాను లేవాలి, పాలు తాగాలి, అప్పుడు బయల్దేరాలి. క్యూలు పెరిగితే పెరగనివ్వండి. ఎప్పుడూ క్యూ తెగని పీటర్ పాన్ రైడు వైపు అసలు వెళ్లకండి. క్యూ తప్పించుకోవడానికి డబ్బు కట్టే లైట్నింగ్ లేన్ కూడా వద్దు, అది మళ్లీ మిమ్మల్ని గడియారానికి కట్టేస్తుంది.

పిల్లకి ఒకటి నచ్చితే మళ్లీ అదే ఎక్కించండి. డంబో ఏనుగులో ఒక మీట ఉంటుంది. దాన్ని కదిపితే ఏనుగు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. తన చేతితో ఏనుగుని లేపానని రెండేళ్ల పిల్లకి తెలిసిన క్షణం నుంచి ఆ రోజు ఇంకేదీ అక్కర్లేదు. “ఇంకా చాలా ఉన్నాయమ్మా, పద” అని చెయ్యి పట్టి లాగడం నాకు క్రూరంగా అనిపిస్తుంది. 2012 నుంచి డంబో రాట్నాలు రెండు పక్కపక్కనే తిరుగుతున్నాయి, కాబట్టి మళ్లీ క్యూ కట్టడం పెద్ద కష్టమేమీ కాదు. మూడేళ్ల లోపు వాళ్లకి టికెట్టే లేదు, ఎన్ని రైడ్లు ఎక్కించారన్న లెక్క వాళ్ల విషయంలో అసలే వద్దు.

తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి. లోపలికి రానిస్తారు. గాజు సీసాలు, మద్యం మాత్రం కుదరవు. పులిహోర చల్లగా తిన్నా బాగుంటుంది. పెరుగన్నం ఐస్ ప్యాకుల మధ్య పెట్టాలి, ఫ్లోరిడా ఎండలో ఊరికే పులిసిపోతుంది. మెయిన్ స్ట్రీట్ చివర క్రిస్టల్ ప్యాలెస్ పక్కన బేబీ కేర్ సెంటర్ ఉంది. పాలివ్వడానికి గది, డైపర్ మార్చే బల్లలు, ఎత్తు కుర్చీలు ఉంటాయి. మీరు రైడులో ఉండగా స్ట్రోలర్లని సిబ్బంది అటూ ఇటూ సర్దుతారు, దిగి వచ్చేసరికి మీది వదిలిన చోట ఉండదు. హ్యాండిల్‌కి ఎర్ర చున్నీ ఒకటి ముడేయండి.

రాత్రి బాణసంచా దాకా ఉండకండి. ఆ చప్పుడుకి పసిపిల్లలు బెదిరిపోతారు, అయిపోగానే జనమంతా ఒక్కసారిగా పడవల వైపు కదులుతారు. వెలుగుండగానే చెరువు దాటేయండి.

పెద్దపిల్లలకి ఇది అన్యాయం కాదా అంటే, వాళ్లకి ఇంకో రోజు ఇవ్వండి. ఆ రోజు ట్రాన్, స్పేస్ మౌంటెన్ అన్నీ ఎక్కొచ్చు. వాళ్లతో వెళ్లాల్సింది తల్లులు, పిన్నులు, మోకాళ్లు సహకరిస్తే అమ్మమ్మ. తండ్రులు, బాబాయిలు హోటల్లో పిల్లలతో ఉంటారు. ఇది మాత్రం గ్రూపులో టికెట్లు కొనకముందే రాసి పెట్టించండి.