పదవి ఐదేళ్ళు, మొయ్యి నూరేళ్ళు

దిండిగల్ కార్పొరేషన్లో వార్డులు 48. అందులో ఒక వార్డు కౌన్సిలరమ్మ సంసారం గురించి ఈ వారం. పేరు చెప్పను, వార్డు నంబరు అంతకన్నా చెప్పను. నలుగురైదుగురిని కలిపి ఒక్కరిగా వండిన మనిషి కాబట్టి, లాయరు నోటీసుకని ఎవరూ డబ్బు తగలెయ్యనక్కర్లేదు. ఆ డబ్బు దాచుకుంటే రేపు మొయ్యికి పనికొస్తుంది. మొయ్యి సంగతి తర్వాత. ముందు పదవి ఎలా వచ్చిందో చూద్దాం.

తమిళనాడు పట్టణాల్లో 2011 అక్టోబరులో ఎన్నికలు జరిగాయి. ఆ కౌన్సిళ్ళ గడువు 2016లో తీరిపోయింది. ఆపైన ఐదేళ్ళకు పైగా కౌన్సిలరన్నవాడే లేడు, ప్రత్యేకాధికారులదే రాజ్యం. కౌన్సిలరు ఉన్నప్పుడు మురుగుకాలువ ఎలా పారిందో లేనప్పుడూ అలాగే పారింది, లేదా అలాగే పారలేదు. ఈలోగా దిండిగల్ 2014లో మున్సిపాలిటీ నుంచి కార్పొరేషనైంది. సీట్లలో సగం ఆడవాళ్ళకివ్వాలని 2016లో చట్టమొచ్చింది. చివరికి 2022 ఫిబ్రవరి 19న ఓట్లు పడ్డాయి.

మనావిడ భర్త అప్పటికి ఎన్నేళ్ళుగానో కౌన్సిలరు కావాలని తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేయించుకుంటూ కూర్చున్నాడు. వార్డు మహిళలకు రిజర్వయిందని తేలిన రోజు అన్నం సహించలేదు. రాత్రికి తేరుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమ్మే, నీ ఓటరు కార్డు యాడ పెట్టినావు?" అనడిగాడు. అదీ ఆమె రాజకీయ ప్రవేశం.

గెలిచింది. మార్చి 2న ప్రమాణం చేసింది. 4న ఇళమతి గారు మేయరయ్యారు. మెడలో దండ వాడకముందే ఏప్రిల్ వచ్చింది, దాంతోపాటు ఆస్తిపన్ను పెంపు కూడా. చెన్నై వెలుపలి కార్పొరేషన్లలో ఇంటి వైశాల్యాన్ని బట్టి పాతిక శాతం నుంచి నూరు శాతం దాకా. నిర్ణయం చెన్నైలో జరిగింది, తిట్లు మాత్రం వార్డులో పడ్డాయి. "ఓటేసినందుకు మంచి బహుమానమే ఇచ్చినావక్కా" అని పక్కవీధి పెద్దాయన అరుగు మీదనుంచే అన్నాడు. కౌన్సిలరు ఉద్యోగమంటే ఏమిటో ఆమెకు ఆ మాటతో అర్థమైంది. ఎవరో చేసినదానికి దగ్గర్లో దొరికే మనిషి.

ఇక ఇల్లు. ఆమె భర్త ఆమెకు సొంత మేనమామ, అమ్మకు తమ్ముడు. అంటే అత్తగారు అమ్మమ్మే. ఇంట్లో పిలుపు "అవ్వా", మొగుణ్ణి "మామా", కాబట్టి ఇక్కడ మామగారంటే మొగుడే. ఇటువంటి సంసారంలో ప్రతిపక్షం పుట్టదు. అవ్వతో గొడవైతే అమ్మకు కోపం, మామతో గొడవైతే ఇద్దరికీ కోపం. చీలిపోదామన్నా చీలడానికి రెండో కుటుంబమంటూ లేదు. ఈ ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేది తమిళం, సంతకం ఇంగ్లీషు.

అవ్వ లెక్క ప్రకారం వీళ్ళ ముత్తాతల ముత్తాతలు పాళెగాళ్ళు. మధుర నాయకుల పాళెగాళ్ళు 72 మందేనని చరిత్ర చెబుతుంది. మధుర, దిండిగల్, కోయంబత్తూరు తెలుగు ఇళ్ళల్లో ఎక్కడ తలుపు తట్టినా ఒక పాళెగాడి మునిమనవడు తలుపు తీస్తాడు. తెలుగునాటి నుంచి బండి తోలినవాడూ దుక్కి దున్నినవాడూ వాళ్ళతో వచ్చే ఉండాలి కదా, వాళ్ళ సంతతి మాత్రం ఎక్కడికి పోయిందో! ఊరి మధ్య గుట్టమీది కోట 1605లో ముత్తుకృష్ణప్ప నాయకుడు కట్టించింది. దాన్ని చూపించి "అది మనదే" అంటుంది అవ్వ. పురావస్తు శాఖ వాళ్ళ టికెట్టు కొని ఎక్కుతుంది, అది వేరే సంగతి. పాళెగాడు వసూలు చేసిన పన్నులో కొంత తన సైన్యానికి అట్టే పెట్టుకునేవాడు. కౌన్సిలరుకు పన్నులో దమ్మిడీ రాదు. సైన్యం మాత్రం ఉంటుంది. ఆ సైన్యమంటే మామగారి స్నేహితులు నలుగురు, రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు సరిగ్గా రాజకీయాలు చర్చించడానికి వస్తారు. 1957లో నాగసామి నాయుడు ఈ ఊళ్ళో సీరగసంబా బియ్యంతో మొదలుపెట్టిన తలపాకట్టి బిర్యానీ ఇవాళ ఎన్నో ఊళ్ళకు పాకిందంటే, అందులో ఇటువంటి సైనికుల త్యాగం కొంత ఉంది.

దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ తాళాల్లో మామిడికాయ ఆకారంలో ఉండేది ఒకటి వీళ్ళ వీధి తలుపుకూ ఉంది. గెలిచిన నాటినుంచి వెయ్యలేదు. తెల్లారి ఐదు కాకముందే ఎవరో ఒకరు లోపలికొచ్చి "అక్కా, నీళ్ళు రాలేదు" అంటారు. నీళ్ళు ఆత్తూరు కామరాజర్ జలాశయం నుంచి రావాలి, వైగై మీది పేరణై నుంచి రావాలి, కావేరి పథకం నుంచి రావాలి. ఇన్ని చోట్లనుంచి రావలసినవి ఒక్కచోటికీ రాకపోతే ఆమె ఏం చేస్తుంది? ఫోను చేస్తుంది. నీళ్ళు వదిలేవాడు ఫోనెత్తడు. పాలపొయ్యి మీద చెయ్యీ, చెవికి ఫోనూ. పాలు పొంగుతాయి, ఫోను మోగుతుంది. చిన్నవాడి స్కూలు సాక్సు ఒకటి దొరుకుతుంది, రెండోది ఐదేళ్ళ పదవీకాలంలో ఇంతవరకు దొరకలేదు.

ఆరు గంటలకు పారిశుధ్య కార్మికుల హాజరు దగ్గరికి వెళుతుంది. అక్కడ ఆమెకు ఒక సౌకర్యముంది. చీపురు పట్టిన అరుంధతీయ దళితుల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు. "ఏమక్కా, ఈ సందు ఎప్పుడు చిమ్ముతారు?" అంటే "పొద్దెక్కేలోగా అయిపోతాది కౌన్సిలరమ్మా" అని జవాబు. ఎన్నికల్లో మామగారు వాళ్ళ వీధికి వెళ్ళి "మనమంతా ఒకే భాషోళ్ళం" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గెలిచాక ఆ వీధి ఆడమనిషి ఇంటికొస్తే అవ్వ కాఫీ ఇచ్చింది, పేపరు గ్లాసులో. ఇంట్లో ఇరవై స్టీలు గ్లాసులున్నాయి. కౌన్సిలరమ్మ చూసింది. ఆమె కూడా ఏమీ అనలేదు.

ఇప్పుడు మొయ్యి. ఆంధ్రలో చదివింపులంటారే, అదే. కాకపోతే అక్కడ అది మర్యాద, ఇక్కడ బ్యాంకు. మధుర, తేని, దిండిగల్ చుట్టుపక్కల మండపం గుమ్మంలోనే బల్ల వేసి ఇద్దరు కూర్చుంటారు. ఒకరు డబ్బు లెక్కపెడితే ఇంకొకరు పొడుగు నోటుపుస్తకంలో ఊరూ పేరూ మొత్తం రాస్తారు. ఇప్పుడు కంప్యూటరు కూడా పెడుతున్నారు, రసీదు చేతికొస్తుంది. మనం రాసింది మన ఇంట్లో పండగైనప్పుడు వెనక్కి వస్తుంది, పైన కొంత కలుపుకుని వస్తుంది. రాయకపోతే ఆ పేరు మూడు తరాలు చెప్పుకుంటారు.

కౌన్సిలరు కాకముందు వీళ్ళింటికి వచ్చే శుభలేఖలు చుట్టాలవి. అయ్యాక వార్డంతా చుట్టాలే. పెళ్ళి, సీమంతం, సమర్త, గృహప్రవేశం, చెవులు కుట్టడం, కొత్త ఆటో కొన్నా పిలుపే. కౌన్సిలరు మొయ్యి అంటే 500 రాయకూడదు, వెయ్యికి తగ్గితే బల్ల దగ్గర కూర్చున్నవాడు తలెత్తి చూస్తాడు. తమిళనాడు ప్రభుత్వం 2023 జులై నుంచి కార్పొరేషన్ కౌన్సిలరుకు నెలకు 10,000 గౌరవ వేతనం ఇస్తోంది. ఆవణి నెలలో ఒక్క ముహూర్తపు రోజున ఆరు మండపాలు. రెండు ముహూర్తాలకు వేతనం ఖాళీ, గౌరవం మిగులుతుంది.

ఖర్చుకు మారుగా ఆమెకు వచ్చేది శాలువాలు. ఎక్కడికెళ్ళినా ఒకటి కప్పుతారు. బీరువా నిండితే మంచం కిందికి చేరాయి. అవ్వ వాటిని ఊరికే ఉండనివ్వలేదు. జరీ అంచున్నవి దిండు గలీబులయ్యాయి, మిగిలినవి మళ్ళీ కవరులో పెట్టి మామగారి చేతికిస్తుంది. ఆయన వాటిని వేరే సభలో వేరేవాళ్ళకు కప్పి వస్తాడు. ఒకసారి ఒక శాలువా మూడు వారాలు ఊరంతా తిరిగి మళ్ళీ ఆమె భుజం మీదికే వచ్చింది. మూలన పసుపు మరక చూసి గుర్తుపట్టింది.

అన్ని ఊళ్ళల్లో ఒక మాటుంది, పదవి పెళ్ళానిది, పెత్తనం మొగుడిదని. మా కౌన్సిలరమ్మ ఇంట్లో పంపకం ఇంకాస్త తెలివిగా జరిగింది. బోర్డు మీద ఉన్న ఫోను నంబరు మామగారిది. ఫ్లెక్సీలో ఆమె ఫొటో ఎంతుందో ఆయన ఫొటో అంతే ఉంటుంది. 2022 జులైలో నామక్కల్ సభలో ముఖ్యమంత్రి స్టాలిన్ స్థానిక ప్రతినిధుల్ని కూర్చోబెట్టి, దారి తప్పితే నియంతనవుతానని హెచ్చరించారు. ఆ తర్వాత ఒక వారం మామగారు కారులో ముందు సీటు వదిలేసి వెనక కూర్చున్నాడు. అయినా ఆయనకు ఆమె అప్పగించినవి ఏమిటి? పెళ్ళిళ్ళు, శాలువాలు, మొయ్యి. కాలువ, కొళాయి, వీధిదీపం తన దగ్గరే అట్టే పెట్టుకుంది. ఆయన కౌన్సిల్ హాలు బయట టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చుని "ఇది అడుగు, అది అడుగు" అని వాట్సాప్‌లో పంపుతుంటే, లోపల ఆమె ఫోను సంచిలో పెట్టి, తన వీధి కల్వర్టు గురించి లేచి నిలబడి అడుగుతుంది. బయటికొచ్చాక "మామా, నీ మెసేజి ఇప్పుడే చూసినా" అంటుంది. ఆయన వార్డును పాలిస్తున్నాననే అనుకుంటాడు, ముహూర్తం రోజున ఆరు మండపాల్లో ఆరుసార్లు భోంచేస్తూ.

నాలుగేళ్ళు ఇలా గడిచాక అవ్వ మొయ్యి పుస్తకం తెరిచింది. రాసినదంతా కూడింది. ఇంట్లోవాళ్ళకు గుండె ఆగినంత పనైంది. పదవి 2027 మార్చితో తీరుతుంది. పదవిలో ఉండగా పిలిస్తే వార్డంతా వస్తుంది, దిగిపోయాక పిలిస్తే వీధి వస్తుంది, ఆ తర్వాత పిలిస్తే చుట్టాలే వస్తారు. కాబట్టి ఈలోపే ఏదో ఒక శుభకార్యం జరిగి తీరాలి. కూతురు కాలేజీలో చదువుతోంది, పెళ్ళి మాటెత్తితే గది తలుపేసుకుంటోంది. మిగిలింది ఐదో తరగతి చదివే చిన్నవాడి చెవులు. "స్కూల్లో నవ్వుతారవ్వా" అని వాడు రెండు చెవులూ మూసుకున్నాడు. సైకిలు కొనిస్తామన్నాక ఒక చెయ్యి తీశాడు.

అసలు చిక్కు వేరే. చెవులు కుట్టేటప్పుడు పిల్లవాడు మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. మేనమామ సారె తేవాలి, మేళంతో ఊరేగి రావాలి. కౌన్సిలరమ్మ తమ్ముడు కోయంబత్తూరులో పంపుసెట్ల వ్యాపారం చేస్తాడు. వాడు రెండాకుల పార్టీ, అంటే అన్నాడీఎంకే. అక్కది ఉదయసూర్యుడు, అంటే డీఎంకే. "నా ఫ్లెక్సీలో ఎంజీఆర్ ఉంటాడు" అన్నాడు తమ్ముడు. "మా మండపం గుమ్మంలో కుదరదు" అన్నాడు మామ. "మా పార్టీ మొదటి గెలుపే మీ ఊళ్ళో! 1973 దిండిగల్ ఉప ఎన్నిక, మాయాత్తేవర్! మీరు మరిచినా నేను మరవను" అన్నాడు తమ్ముడు. నిజమే, 1972లో పుట్టిన పార్టీకి మొదటి గెలుపిచ్చిన ఊరిది. ఒక పిల్లవాడి చెవి కోసం అర్ధశతాబ్దపు రాజకీయం మళ్ళీ మొదలైంది.

అవ్వ తీర్పు చెప్పింది. ఫ్లెక్సీలో ఊరి అమ్మవారు కోట మారియమ్మ ఒక్కతే ఉంటుంది, ఆమెకు పార్టీ లేదు. సారె పళ్ళేల మీద ఏ రంగు గుడ్డైనా కప్పుకోవచ్చు. మొయ్యి బల్ల దగ్గర మాత్రం ఒకటే పుస్తకం, రెండు పార్టీల వాళ్ళూ అందులోనే రాయాలి. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం ఇదొక్కటే.

ముహూర్తం పెట్టేశారు. దిండిగల్లో ఆ కుటుంబం మొయ్యి తిన్నవాళ్ళెవరైనా ఈ కాలమ్ చదువుతుంటే, శుభలేఖ అందలేదని సాకు చెప్పకండి, ఇదే శుభలేఖ అనుకోండి. నాలుగేళ్ళ కింద వాళ్ళు మీకు రాసింది వెయ్యి. పైన ఎంత కలపాలో మీకు నేను చెప్పాలా? శాలువాలు మాత్రం తేవద్దు.