రిపోర్టు రాయబోయే ముందు

డేటా వచ్చేసింది, లెక్కలు అయిపోయాయి, సోమవారానికి రిపోర్టు ఇవ్వాలి. పొరపాటున కూడా రాయడం మొదలుపెట్టకండి. దేనిలో రాయాలో ముందు తేల్చుకోండి.

ఎక్సెల్ నుంచి వర్డ్‌లోకి అంకెలు కాపీ కొట్టే పక్కసీటాయన్ని జాలిగా చూడండి. రాత, కోడ్ ఒకే ఫైల్లో ఉండాలని, ఈ మాట 1984లోనే డొనాల్డ్ క్నూత్ చెప్పాడని వివరించండి. మీరు ముగించేలోపు ఆయన రిపోర్టు పంపేసి టీకి వెళ్లిపోతాడు.

ఇక రాతనీ కోడ్‌నీ కలిపే సాధనాల్లో సంబంధాలు చూడాలి. 2002 నాటి స్వీవ్ పాతకాలపు మర్యాదస్తుల ఇల్లు. లాటెక్ రాకపోతే గడప తొక్కనివ్వరు. తర్వాత నిట్ఆర్, ఆపైన ఆర్ మార్క్‌డౌన్, 2022లో క్వార్టో. కొత్తది వచ్చినప్పుడల్లా పాత ఫైళ్లన్నీ అందులోకి మార్చండి. అట్ట మీద శీర్షిక తెలుగులో ఉండాలని పట్టుబట్టారా, ఇక పండగే. పీడీఎఫ్‌లాటెక్ మన అక్షరాల దగ్గర మొరాయిస్తుంది, జీలాటెక్ కావాలి. అది దొరికాక ఫాంటు. మండలి బాగుంది గానీ మరీ బుద్ధిమంతుడిలా ఉంది. సూరన్న? ధూర్జటి? రామరాజ పెడితే శుభలేఖలా వచ్చింది. శనివారం గడిచింది. రిపోర్టులో శీర్షిక ఉంది.

లెక్కల ఫలితాలు దాచుకునే క్యాష్ ఆన్ చేసి మరిచిపోండి. డేటా ఫైలు మారినా, కోడ్ మారలేదు కదా అని నిట్ఆర్ పాత అంకెలే వడ్డిస్తుంది.

ర్యాండమ్ సీడ్ పెట్టకండి. రోజుకో జవాబు వస్తే విసుగుండదు.

నవ్వులాట సరే. ఈ పిచ్చి నాకు ఊరికే పట్టలేదు. ఒకసారి చేత్తో ఎక్కించిన రిపోర్టులో, పట్టికలో 308 ఇళ్లు, కింద వాక్యంలో 312. రెండుసార్లు నమోదైనవి తీసేశాక పట్టిక మార్చాను, వాక్యం మరిచాను. మీటింగులో పెద్దాయన నెమ్మదిగా అడిగారు: "ఆ నాలుగిళ్లూ ఏమయ్యాయండీ?" వాక్యంలో అంకె బదులు చిన్న కోడ్ ముక్క ఉండుంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు. అయితే ఆ ముక్క స్వీవ్‌లోనూ ఉండేది. మిగతా మూడు పెళ్లిచూపులూ నా సరదా.

ఈసారి ఆదివారం రాత్రి పదకొండింటికి పీడీఎఫ్ పంపాను. "వర్డ్‌లో పంపండి, కరెక్షన్లు పెట్టాలి" అన్నారు. క్వార్టో క్షణంలో వర్డ్ ఫైలు ఇచ్చింది. పొద్దున్నే అది ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. ఆ దిద్దుబాట్లన్నీ తిరిగి క్వార్టోలోకి ఒక్కొక్కటే చేత్తో ఎక్కించాను.