తందూరు భట్టీని బండిలో తెస్తున్నారా? అందరూ చెప్పే సలహాలు వినకండి

హైదరాబాద్‌లో తందూరు భట్టీ కొని సొంత బండిలో జనగామ జిల్లా కొడకండ్లకు తెచ్చుకుందామనుకునే వాళ్ళకు దారిపొడుగునా సలహాలు దొరుకుతాయి. దుకాణం దగ్గర హమాలీ ఒకటి చెప్తాడు, డ్రైవరు ఇంకొకటి చెప్తాడు, జనగామ చౌరస్తాలో చాయ్ తాగుతున్న పెద్దమనిషి మరొకటి చెప్తాడు. అందరూ మంచికే చెప్తారు. అయినా వాటిలో ఎక్కువ భాగం తప్పులే. ఆ తప్పులన్నీ ఒక్కచోటే పుడతాయి: పైకి కనబడే డ్రమ్మును చూసి దాన్ని ఇనుప సామాను అనుకోవడం దగ్గర. మీరు మోసుకొచ్చేది మట్టి. అది కూడా చాలావరకు ఆవంలో కాలని మట్టి, ఎండకు మాత్రమే ఆరిన మట్టి.

భట్టీ ఎట్లా చేస్తారో తెలిస్తే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. బంకమట్టిలో జనపనారో, గడ్డో, మేక వెంట్రుకలో కలిపి తొక్కుతారు. ఆ ముద్దను లావుపాటి చుట్టలుగా ఒకదాని మీద ఒకటి పేర్చి గోడ లేపుతారు, మూతి దగ్గరికి వచ్చేసరికి ఇరుకు చేస్తారు. ఆరిన కుండను ఇనుప డ్రమ్ములోనో స్టీలు డబ్బాలోనో దించి, నడిమి ఖాళీలో ఇసుకో, ఇటుక ముక్కలో, గాజు ఉన్నో కూరి మూతి చుట్టూ మూసేస్తారు. కింద నాలుగు చక్రాలు. హోటల్‌కు సరిపడే భట్టీ 150 కిలోలు ఉంటుందనుకుందాం, లెక్కలకు పనికొస్తుంది. మట్టిగోడ తన మీద నిలువుగా పడే భారాన్ని బాగానే మోస్తుంది. గుంజితే, వంచితే, ఒకేచోట దెబ్బ తగిలితే మాత్రం నిలవదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఇది షోకు వస్తువు కాదు. కొడకండ్ల నేతన్నల ఊరు. సూరత్‌కూ భివండీకీ సోలాపూర్‌కూ బతుకుదెరువు కోసం పోయిన కుటుంబాలు ఎన్నో ఈ మండలంలో ఉన్నాయి. అట్లా పోయి తిరిగొచ్చిన మనిషి రోడ్డు మీద చిన్న హోటల్ పెట్టుకుందామనుకుంటే, ఆ భట్టీలో అతని పొదుపు ఉంటుంది. పగిలిన భట్టీకి దుకాణం బాధ్యత వహించదు. అందుకే కొనేచోటే మొదలుపెడదాం.

“ప్యాకింగ్ విప్పకు, కొత్తది కొత్తగనే పోనీ” అంటారు. విప్పండి. ఫోను టార్చి లోపలికి వేసి గోడ చుట్టూ, అడుగు దాకా నింపాదిగా చూడండి. ఎక్కించే ముందు ఫోటోలు తీసుకోండి. ఇంటికొచ్చాక కనబడే పగులు దారిలో వచ్చిందా, ముందే ఉందా అన్నది చెప్పగలిగేవి ఆ ఫోటోలే.

“అడ్డం పండవెట్టు, కదలదు” అనేది చాలామంది నమ్మే సలహా, అన్నిటికంటే చెడ్డది కూడా. నిలబెడితే ఒరుగుతుందన్న భయం నిజమైనదే. కానీ పడుకోబెడితే కుండ బరువంతా ఒక పక్క గోడ మీద పడుతుంది, ప్రతి గుంతకూ ఆ గోడ వంగుతుంది, వంగడం చేతకాక పగులుతుంది. నడిమి ఇసుక ఒక పక్కకు జారి, మళ్ళీ నిలబెట్టాక ఇంకో పక్క ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ బయటికి కనబడదు. కొన్నాళ్ళకు డ్రమ్ము ఒక వైపే మండిపోతుంటే అప్పుడు తెలుస్తుంది. భట్టీ నిలబడే ప్రయాణం చెయ్యాలి. ఒరగకుండా చూడాల్సింది కట్టుతో.

కట్టు గురించి కూడా తప్పే చెప్తారు. “ఎంత గట్టిగ గుంజి కడితే అంత మంచిది” అని మూతి మీదుగా తాడేసి ఇద్దరు మనుషులు కాలు తన్నిపెట్టి గుంజుతారు. మూతి అంచు భట్టీలో బలహీనమైన చోటు, మట్టి అక్కడ ఏ ఆసరా లేకుండా ఉంటుంది. తాడు మూతిని తాకకూడదు. లారీవాళ్ళు వాడే బిగింపు బెల్టులు తీసుకొని, డ్రమ్ము నడుముకు కొంచెం పైన చుట్టి, తొట్టి నాలుగు మూలల కొక్కేలకు నాలుగు వైపులా లాగండి. బెల్టుకూ డ్రమ్ముకూ మధ్య మడిచిన గోనెసంచి పెట్టండి. చేత్తో ఊపితే భట్టీ, బండి కలిసి ఊగాలి. అంతవరకే బిగింపు.

చక్రాల మీద నిలబెట్టి కట్టడం ఇంకో పొరపాటు. నాలుగు చక్రాలంటే బరువు నాలుగు చుక్కల మీద ఉన్నట్టు, పైగా అవి దొర్లేవి. అడుగున చెక్క దిమ్మెలు పెట్టి చక్రాలు గాల్లో తేలేట్టు చెయ్యండి. డ్రమ్ము లేకుండా ఒట్టి కుండ తెచ్చుకునేవాళ్ళు పాత టైరులో సగం నింపిన ఇసుకసంచి వేసి దానిమీద కూర్చోబెట్టాలి. ఇసుక అడుగు ఆకారానికి తగ్గట్టు సర్దుకొని భారాన్ని సమంగా పంచుతుంది. కాకతీయుల శిల్పులు రామప్ప గుడికి పునాదిలో ఇసుక నింపింది కూడా ఇసుకకున్న ఈ గుణాన్ని నమ్మే. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ పునాది గురించి అందరం గొప్పగా చెప్పుకున్నాం. భట్టీ కింద ఒక సంచి ఇసుక వెయ్యడానికి మాత్రం బద్ధకిస్తాం. ఒట్టి కుండ చుట్టూ ఎండిన వరిగడ్డి దట్టంగా కూరాలి. కుమ్మరులు ఎడ్లబండి మీద కుండలు సంతకు తోలినప్పుడు చేసిందీ ఇదే. గడ్డి తడిది అయితే వద్దు, పచ్చిమట్టి తేమ పీలుస్తుంది. వాన మబ్బు లేకపోయినా టార్పాలిన్ కప్పి బయలుదేరండి.

“లోపలంత ఖాళీనే గదా, సీకులు, కడ్డీలు, పెనం అన్నీ అందుల వేసెయ్” అంటారు. వెయ్యకండి. ఇనుప సీకు లోపల ఎగిరిపడి గోడకు తగిలితే బయట ఎన్ని గోనెసంచులు చుట్టినా లాభం లేదు. లోపల గడ్డి వదులుగా నింపొచ్చు, లేదా ఖాళీగా వదిలెయ్యొచ్చు.

ఇప్పుడు నేను చెప్పేది వినడానికి తలకిందులుగా ఉంటుంది. బండిలో బరువు పెంచండి. “150 కిలోలు బండికో లెక్కనా” అని డ్రైవరు అంటాడు, ఆ మాట నిజం. చిక్కు అక్కడే ఉంది. టాటా ఏస్ లాంటి చిన్న బండి కమాను పట్టీలు ఆరేడు వందల కిలోల సరుకు కోసం తయారైనవి. అంత బరువున్నప్పుడే అవి మెత్తగా వంగుతాయి. బరువు లేకపోతే బిర్రుగా ఉండి, ప్రతి గుంతనూ ఉన్నదున్నట్టు పైకి పంపిస్తాయి. ఖాళీ ట్రాలీ వెనక నిలబడి ప్రయాణం చేసినవాళ్ళకు ఆ ఎగిరిపాటు గుర్తుంటుంది. కాబట్టి భట్టీతోపాటు నాలుగైదు బస్తాల బియ్యమో, సిమెంటో, ఇసుకసంచులో వేసుకోండి. హోటల్ పెట్టేవాళ్ళకు ఎట్లాగూ సరుకు కావాలి, ఆ రోజే తెచ్చుకోండి. బండికి రాసిన పరిమితి మాత్రం దాటొద్దు. టైర్లలో గాలి కూడా పూర్తి లోడుకు కొట్టినంత ఉంచకండి, తక్కువ లోడుకు కంపెనీ చెప్పిన మేరకే ఉంచండి.

భట్టీ పెట్టాల్సింది ఎక్కడ? దించడానికి సులువని వెనక డోరు దగ్గర పెట్టమంటారు. వెనక ఇరుసు దాటిన చోట ఎగురుడు అన్నిటికంటే ఎక్కువ. క్యాబిన్ గోడకు దగ్గరగా, మధ్యలో గడ్డికట్ట అడ్డం పెట్టి నిలపండి. బస్తాలు రెండు పక్కలా, వెనకా సర్దండి.

అన్నిటికంటే నన్ను భయపెట్టే సలహా ఇంకోటుంది. “ఇద్దరు పోరగాళ్ళు ఎక్కి పట్టుకుంటరు, తాళ్ళెందుకు.” దయచేసి ఈ పని చెయ్యకండి. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే భట్టీ కూడా అంతే వేగంతో పోతుంటుంది. ఆరు మీటర్ల ఎత్తు నుంచి జారిపడిన వస్తువు నేలను తాకే వేగం అది. 60 కిలోమీటర్లయితే 14 మీటర్ల ఎత్తుతో సమానం. గేదె అడ్డమొచ్చి డ్రైవరు బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది, కట్టులేని భట్టీ ఆగదు. అమెరికాలోనూ ఐరోపాలోనూ సరుకు కట్టడానికి ఉన్న నిబంధనలు, ముందుకు పోకుండా సరుకు బరువులో 80 శాతాన్ని, పక్కలకూ వెనక్కూ 50 శాతాన్ని ఆపగలిగే కట్టు ఉండాలంటాయి. మన 150 కిలోల భట్టీకి ఆ లెక్కన ముందుకు 120 కిలోల తోపుడును ఆపాలి. కదిలే బండిలో ఇరుకిరుకుగా కూర్చున్న ఇద్దరు పిల్లలు దాన్ని ఆపలేరు, క్యాబిన్ గోడకూ డ్రమ్ముకూ మధ్య నలిగిపోతారు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించొద్దని చట్టం చెప్పేది ఊరికే కాదు. భట్టీ పోతే ఇంకోటి కొనొచ్చు. బెల్టులు కొనే డబ్బు మిగుల్చుకోవడానికి ఒకరి కొడుకును తొట్టిలో కూర్చోబెట్టకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. జపాను ‘కామాడో’ పొయ్యి నమూనాలో వచ్చిన సిరామిక్ గ్రిల్లులు అక్కడ పెరట్లో మాంసం కాల్చుకోవడానికి వాడతారు. వాటిలో పేరున్న ‘బిగ్ గ్రీన్ ఎగ్’ను 1974లో ఎడ్ ఫిషర్ అట్లాంటాలో మొదలుపెట్టారు. దాని పెద్ద సైజు ఒక్కటే 73 కిలోల దాకా ఉంటుంది. అట్లాంటా దగ్గరి అల్ఫారెట్టాలోనో కమ్మింగ్‌లోనో ఉన్న తెలుగింటివాళ్ళు దాన్ని కారు వెనక పెట్టుకొని ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే, ముందు లోపలి నిప్పు గిన్నె, వలయం, జాలీ విడదీసి వేరువేరుగా దుప్పట్లలో చుట్టాలి, మూత తెరుచుకోకుండా కట్టాలి. అది బాగా కాలిన పింగాణీ కాబట్టి తేమకు భయపడదు. దెబ్బకు మాత్రం మన భట్టీలాగే భయపడుతుంది.

ఇక దారి. జనగామ దాకా నాలుగు వరుసల 163వ జాతీయ రహదారి, అక్కడ చింత లేదు. అసలు పరీక్ష జనగామ దాటి దేవరుప్పుల వైపు తిరిగాక మొదలవుతుంది. “స్పీడుగ పోతే గుంతలు తెల్వయి” అనే మాట కారులో కూర్చున్నవాళ్ళ నడుముకు ఎప్పుడన్నా నిజం కావచ్చు, తొట్టిలో ఉన్న మట్టికి కాదు. స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, గంటకు 25 కిలోమీటర్ల వేగంలో దాటేట్టు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 ప్రమాణం చెప్పింది. ఊళ్ళ మొదట్లో జనం పోసుకున్న దిబ్బలకు ఆ కొలతలు తెలియవు. వాటి దగ్గర మనిషి నడిచే వేగానికి దిగండి. ఏటవాలుగా దాటిస్తే మెత్తగా ఉంటుందని కొందరు డ్రైవర్లు అంటారు. ఎత్తు సరుకున్నప్పుడు అట్లా చేస్తే బండి ఆ పక్కకూ ఈ పక్కకూ ఊగుతుంది. నేరుగా దాటించండి.

“రాత్రి పో, రోడ్డు ఖాళీగుంటది” అన్న సలహా కోతల కాలంలో అసలే పనికిరాదు. వానాకాలం పంటకైనా యాసంగికైనా రోడ్డు మీద ఒక పక్క వడ్లు ఆరబోస్తారు, కుప్పల చుట్టూ రాళ్ళు పేరుస్తారు. చీకట్లో అవి దగ్గరికి వచ్చేదాకా కనబడవు. పొద్దున బయలుదేరి వెలుగుండగా ఇల్లు చేరండి. దారిలో ఒకటి రెండు చోట్ల ఆగి బెల్టులు చూడండి, గడ్డి అణిగేకొద్దీ అవి వదులవుతాయి.

ఇల్లు చేరాక వాడంతా సాయానికి వస్తుంది. ప్రేమతో వచ్చినవాళ్ళను వద్దనడం కష్టం. కానీ పదిమంది కలిసి లేపితే పది ఎత్తుల్లో లేస్తుంది, ఒకరు చెయ్యి వదిలితే మొత్తం ఒరుగుతుంది. నలుగురు చాలు, మాట చెప్పేది ఒక్కరే. అసలు ఎత్తకుండా దించడమే మేలు. బండి వెనక భాగాన్ని అరుగుకు ఆనించగలిగితే సగం పని అయిపోయినట్టే. లేదంటే తొట్టి ఎత్తుకు నాలుగింతల పొడుగున్న మందపాటి పలకలు వాలుగా వెయ్యండి. ఆ వాలులో 150 కిలోల భట్టీని ఆపి పట్టడానికి నలభై కిలోలకు లోపు బలం చాలు. పైనుంచి ఇద్దరు నడుముకు కట్టిన తాడు వదులుతూ ఉండాలి, ఇద్దరు పక్కల నుంచి పట్టుకోవాలి. కింది వైపు ఎవరూ నిలబడకూడదు.

“ఈ రాత్రే నాలుగు రొట్టెలు కాల్చి చూద్దాం” అంటారు చివరికి. ఒప్పుకోకండి. ఒకటి రెండు రోజులు నీడలో కదలకుండా ఉండనివ్వండి. లోపలి గోడకు ఆవనూనె, బెల్లం, ఉప్పు, నూరిన పాలకూర కలిపి పూసి ఆరనివ్వాలి. మొదటి మంట గుప్పెడు బొగ్గులతో సన్నగా ఉండాలి. రోజురోజుకూ కొంచెం పెంచుతూ పోవాలి. ఒక్కసారిగా మండిస్తే గోడలో మిగిలిన తేమ ఆవిరై మట్టిని లోపలినుంచి పగలగొడుతుంది. ఈ కాలుడులో వెంట్రుకవాసి బీటలు కనబడతాయి, అవి మామూలే. వేలిగోరు దూరేంత పగులు కనబడితే మంట ఆపి పూర్తిగా చల్లారనిచ్చి, నార కలిపిన అదే రకం బంకమట్టి మెత్తి, ఆరాక మళ్ళీ మొదటి రోజు గుప్పెడు బొగ్గులతోనే మొదలుపెట్టండి.