కాకి లెక్క

హైదరాబాద్ నుంచి డాలస్‌కి విమానంలో ఎంత దూరమని అడగడమే తరువాయి, కంప్యూటర్ తడుముకోకుండా 14,400 కిలోమీటర్లు, 16 గంటలు అని అప్పజెప్పేస్తుంది. కొన్నాళ్లుగా నాకు ఒళ్లు మండిస్తున్నది ఈ 16 గంటలే. గ్లోబు మీద దారం బిగించి కొలిచిన దూరం అది. ఆ దారం ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దగ్గర్లోంచి పోతుంది. గంటకు 900తో భాగిస్తే 16. భాగహారంలో తప్పు లేదు, ఆ దారిన శంషాబాద్ నుంచి పోయే విమానమే లేదు. మనం దుబాయ్ మీదుగా పోతాం. అలా చుట్టు తిరిగినా 15,500 దాటదు, అంటే అదే భాగహారంలో పెరిగేది ఓ గంట. మరి ఈ గడప దాటి ఆ గడప తొక్కేసరికి 30 గంటలు ఎందుకు పడుతోంది? మిగతాదాంట్లో ఎక్కువ భాగం నేల మీదే పోతోంది కనుక: మూడు గంటల ముందు రమ్మనడం, దుబాయ్‌లో పడిగాపులు, ఇమిగ్రేషన్ లైను, బ్యాగుల కోసం బెల్టు చుట్టూ ప్రదక్షిణం.

పోనీ బయల్దేరే వేళైనా మనుషులదా? దుబాయ్‌లో పొద్దున్నే లేచే అమెరికా విమానాలకి అందించాలి కాబట్టి మనల్ని తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కిస్తారు. టికెట్టు మీద మంగళవారం. మంగళవారం ప్రయాణమేమిటని పెద్దవాళ్లు గొడవ. పంచాంగానికి సూర్యోదయం దాకా సోమవారమే కాబట్టి దోషం లేదు. సోమవారం శూల తూర్పుకి, మనం పోయేది పడమటికి. బాగానే ఉంది. దుబాయ్‌లో తెల్లారేసరికి మంగళవారం వచ్చి పడుతుంది, శూల ఉత్తరానికి తిరుగుతుంది, విమానమూ అటే తిరుగుతుంది. తొమ్మిదింటికి లేచి, 16 గంటలు ఎగిరి, డాలస్‌లో అదే మంగళవారం మధ్యాహ్నం మూడు దాటాక దిగుతుంది, సరిగ్గా రాహుకాలంలో. అప్పటికి హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటిపోయింది. రాహువు ఏ ఊరి గడియారం చూసుకుంటాడో ఏ సిద్ధాంతీ తేల్చలేదు.

నేరుగా ఒక విమానం వేస్తే పోలేదా అంటారు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఏకబిగిన పోతున్న మాట నిజమే. అయితే అంత ఇంధనం మోయడానికే బోలెడు ఇంధనం కాలుతుంది. అందుకే అందులో 161 సీట్లే, ఎకానమీ క్లాసే లేదు. 2021లో హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా మొదలైన సర్వీసూ ఎంతోకాలం నిలవలేదు. వేగం పెంచుదామా అంటే, 1958లో బోయింగ్ 707 అట్లాంటిక్ దాటిన వేగమే ఇంచుమించు ఇప్పటికీ. శబ్దాన్ని మించి పరిగెత్తిన కాంకార్డ్ 2003లో మూలన పడింది.

ఓడల్లో వారాల తరబడి పోయిన తాతల కాలం మరిచి 30 గంటలకే గొణుగుడా అనేవాళ్లూ ఉన్నారు. ఓడెక్కినవాడి కోసం ఊళ్లో ఎవరూ శవాన్ని ఆపలేదు. అతనికి కబురు ఉత్తరంలో, అంతా అయిపోయాక చేరేది. ఇప్పుడు కబురు క్షణంలో అందుతుంది, మనిషి మాత్రం 30 గంటలకి అందుతాడు. ఆ మధ్యకాలమంతా ఐస్‌బాక్స్‌కి అద్దె. చుట్టాలు ఫోన్ చేసి అడిగేది పోయినాయన సంగతి కాదు, కొడుకు విమానం ఎన్నింటికి దిగుతుందని. ఆ ఇంట్లో ఎవరూ 16తో లెక్క కట్టరు. 30కి ఇంకో ఆరు కలిపి, టికెట్టు దొరికితేనే సుమా అని, ఎల్లుండి పొద్దున అని చెబుతారు.